వెనక గదిలో చెమటకాయలు

చెమటకాయలకీ ఆటలమ్మకీ తేడా నాకు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమినా తెలుస్తుంది. ఇదేమీ గొప్ప విద్య కాదు. పిల్లల్ని నాలుగు ఎండాకాలాలు దాటించిన ఏ తల్లికైనా తెలిసేదే. నాకు మాత్రం అది పిల్లలు పుట్టకముందే, పెళ్ళి కూడా కాకముందే, అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ వెనక గదిలో తెలిసింది. తెలిసినందుకు సంతోషపడిన రోజు ఒక్కటీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఆఫీసు లిఫ్టులో ముందు నిలబడ్డవాళ్ళ మెడ వెనక చూస్తాను. అక్కడ ఎర్రగా కనబడితే చాలు, ఆ గది వాసన ముక్కుకి తగులుతుంది. "ఏంటండీ, అలా ఉన్నారు?" అని పక్కవాళ్ళు అడుగుతారు. ఏమీ లేదంటాను. లిఫ్టు ఐదో అంతస్తు చేరేలోపు చెప్పే సంగతి కాదది.

అప్పట్లో అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపించేది కాదు. జావా, మెయిన్‌ఫ్రేమ్స్, టెస్టింగ్ టూల్స్, ఇంగ్లిషు మాట్లాడటం, అమెరికా యాసలో ఇంగ్లిషు మాట్లాడటం, అన్నిటికీ కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. బస్సు దిగి రోడ్డు దాటేలోపు చేతి నిండా కరపత్రాలు పడేవి. బీయస్సీ కెమిస్ట్రీ చదివిన నేను తణుకు దగ్గర నుంచి వచ్చి ఒక కంప్యూటర్ కోర్సులో చేరాను. ఎందుకు చేరావంటే, మా పక్కింటి అమ్మాయి చేరింది కాబట్టి. మా ఊళ్ళో అప్పుడు అంతకన్నా పెద్ద కారణం ఎవరికీ అక్కర్లేదు.

మా హాస్టల్ ఒక సందు చివర ఉండే డాబా ఇల్లు. కింద ఇంటివాళ్ళు, పైన అంతా అమ్మాయిలు. అన్నిటికన్నా పైన, డాబా మీద, సిమెంటు రేకులు వేసి ఒక గది కట్టారు. చవక కాబట్టి నేనూ నర్సరావుపేట నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ అందులో దిగాం. చలికాలంలో దిగాం కనుక బాగానే ఉందనిపించింది. మార్చి దాటాక తెలిసింది, మేం పెనం కింద కాపురం పెట్టామని. పైగా మధ్యాహ్నం కరెంటు పోయేది. ఆ వేళలో రేకులు టకటకమని చప్పుడు చేసేవి. ఎవరో పైన నడుస్తున్నట్టే ఉండేది.

హాస్టల్ నడిపేది ఇంటావిడ. అందరం ఆంటీ అనేవాళ్ళం. పొడుగ్గా, చామనఛాయగా, నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టుతో ఉండేది. మెదక్ వైపు పొలం పనులు చేసుకునే కుటుంబం, ఎప్పుడో సిటీకి వచ్చి స్థిరపడ్డారు. అంకుల్ ఎర్రమంజిల్‌లో ఏదో గవర్నమెంటు ఆఫీసులో పనిచేసేవారు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళడం, సాయంత్రం అదే డబ్బా పట్టుకుని రావడం తప్ప ఆయన గురించి మాకేమీ తెలీదు. ఆంటీ గొంతు మాత్రం సందు మొదట్లోకి వినబడేది. బాత్‌రూంలో కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టి "నీళ్ళేమన్న నీ అత్తగారింటికెల్లి వస్తున్నయా?" అనేది. తను తిట్టినవాళ్ళకే ఆ పూట అన్నం ఎక్కువ వడ్డించేది. వాళ్ళకి పిల్లలు లేరనుకునేవాళ్ళం.

ఎండలు ముదిరాక నాకు ఒళ్ళు పేలడం మొదలైంది. ముందు నడుం చుట్టూ, చుడీదార్ బొందు బిగించి కట్టే చోట. తర్వాత వీపు మీద, బ్యాగు ఆనే చోట. తర్వాత మెడ వెనక, మోచేతి మడతల్లో. ఆవగింజంత ఎర్ర పొక్కులు, అన్నీ ఒకే సైజు. ఎండలో నడిచినా, వేడి అన్నం తిన్నా, ఒక్కసారిగా సూదులు గుచ్చినట్టు చురచురలాడేవి. ఏసీ ఉన్న ల్యాబులో కాసేపు కూర్చుంటే అణిగిపోయేవి. జ్వరం లేదు, ఒళ్ళునొప్పులు లేవు, మొహం మీద ఒక్క పొక్కు లేదు. చెమటకాయలని నాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మమ్మ తాటిముంజల్ని చిదిమి ఆ నీళ్ళు వీపుకి పట్టించి, పలచటి నూలు గౌను వేసి వసారాలో పడుకోబెట్టేది. ఇక్కడ వసారా ఎక్కడిది? ఎడ్వర్టైజ్‌మెంట్ చూసి చల్లటి పౌడరు డబ్బా కొన్నాను. రోజుకి మూడుసార్లు గోడకి సున్నం కొట్టినట్టు కొట్టుకున్నాను. పౌడరు చెమటతో కలిసి పిండిముద్దలా తయారై ఉన్న రంధ్రాలు కూడా మూసుకుపోయాయి. ఒంటికి అతుక్కుపోయే పాలిస్టర్ బట్టలు, వాటి మీద పిన్నులు పెట్టిన చున్నీ. ఇంకేం కావాలి, మెడ నుంచి గుండెల దాకా సన్నటి నీటిపొక్కులు లేచాయి. ఎండలో చూస్తే మంచు చిమ్మినట్టు మెరిసేవి.

అవే ఆంటీ కంటపడ్డాయి. డాబా మీద ఆరబెట్టిన మిరపకాయలు తీయడానికి వచ్చింది. నేను జుట్టు పైకి ముడేసుకుని, రేకుల నీడలో కూర్చుని ప్రోగ్రాము చూసుకుంటున్నాను. ఆవిడ నా వెనక ఆగిపోయింది. చేటలో మిరపకాయలు కింద ఒలికాయి, ఏరలేదు.

"ఎప్పటిసంది?" అంది. నేనెప్పుడూ వినని గొంతు.

"వారం నుంచి ఉన్నాయి ఆంటీ. చెమటకాయలే."

"గట్ల అనొద్దు. తప్పు." చెప్పులు విడిచి దూరంగా పెట్టింది. నా ముందుకి వచ్చి, వంగి, నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. "ఏంటి ఆంటీ ఇది, మీరు పెద్దవాళ్ళు."

"నీకు గాదు బిడ్డా," అంది.

ఆ ఎండలో, ఆ డాబా మీద, నా ఒంట్లోకి నాకు తెలియకుండా ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఆటలమ్మ అని పేరు పెట్టి అనకూడదు. తల్లి వచ్చింది అనాలి. మావైపూ అంతే, అమ్మవారు పోసిందంటాం. మందులు వేయకూడదు, సూది పొడిపించకూడదు, గాలి తగలనివ్వకూడదు. గాలి తగిలితే తల్లి లోపలికి పోతుందని, లోపలికి పోతే మనిషి దక్కదని ఆంటీ గట్టిగా నమ్మేది. ఆ నెలలో పక్క సందు హాస్టల్లో ఒకమ్మాయికి నిజంగానే అమ్మవారు పోసి ఊరికి పంపించేశారు. ఆంటీకి అనుమానం రావడానికి అది కూడా తోడైంది.

నా రూమ్మేటు పరుపు చుట్టేసిన వేగం చూసి తీరాలి. "నువ్వంటే నాకు ప్రాణమేనే," అంది గుమ్మం అవతల నుంచి, "కానీ సోమవారం బేగంపేటలో నాకు ఇంటర్వ్యూ ఉంది. మొహం మీద మచ్చలతో వెళ్తే ఉద్యోగం వాళ్ళివ్వరు, సంబంధాలు మా వాళ్ళకి రావు." నవ్వుతూనే అంది కానీ గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

ఆంటీ హాల్లో ఉన్న ఫోను నుంచి మా అమ్మకి ఫోను చేయించింది. అమ్మ నా పక్షాన మాట్లాడుతుందని నాకు ధీమా. "అమ్మా, ఇవి చెమటకాయలు. నువ్వైనా చెప్పు ఆవిడకి," అన్నాను.

"అలా అనకూడదమ్మా," అంది, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా. "ఆవిడ చెప్పినట్టు విను. తలంటుకోకు. నేనిక్కడ మొక్కుకుంటాను."

అదే అమ్మ నా వీపు ఒక్కసారి చూసి ఉంటే, పౌడరు డబ్బా అవతల పారేసి నన్ను పంపు కిందకి తోసేది. చూడలేదు, విన్నది. వినేసరికి భయం ముందొచ్చింది.

ఆంటీ నన్ను కింద వెనక గదిలోకి మార్చింది. ఆ గదికి ఎప్పుడూ తాళం ఉండేది. పాత సామాన్లు ఉంటాయని అనుకునేవాళ్ళం. తలుపు తీస్తే లోపల ఒక నులక మంచం, ఒక చెక్క అల్మైరా, గోడకి చిన్న అద్దం, అంతే. శుభ్రంగా ఊడ్చి ఉంది. ఒకే ఒక్క కిటికీ. దాని రెక్కలు మూసి, మేకులు కొట్టేసి ఉన్నాయి. అల్మైరా తలుపు మీద వాడేసిన బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. ఎర్రవి, మెరూన్ రంగువి, రెండు మూడు మెరుపువి. జిగురు ఎండిపోయి అంచులు పైకి లేచాయి. మొహం కడుక్కునే ముందు తీసి అక్కడ అంటించడం నాకూ అలవాటే. ఆ బిళ్ళలు పెద్దావిడ పెట్టుకునేవి కావు. ఎవరివని అడగాలనిపించింది, ఆంటీ మొహం చూసి అడగలేదు.

మంచం మీద వేపరెమ్మలు పరిచింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తెల్లటి దుప్పటి మెడ దాకా కప్పి, "తీయకు," అంది. ఫ్యాను వేయలేదు. జుట్టు దువ్వుకోకూడదంది. హాస్టల్ మొత్తానికి తాలింపు బంద్. తల్లి ఉన్న ఇంట్లో పోపు వాసన రాకూడదట. చప్పటి పప్పు, పెరుగన్నం తినలేక పైనున్న అమ్మాయిలంతా నన్ను తిట్టుకున్నారు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. నెలసరిలో ఉన్నవాళ్ళు నా గుమ్మం ముందు నుంచి నడవకూడదు. ఆడపిల్లల హాస్టల్లో అంతమంది మధ్య ఎవరికి ఎప్పుడో ఎవరు లెక్కపెడతారు? అందుకని ఎవరూ ఆ వైపే రావద్దని ఆంటీ ఆర్డరు వేసింది. "మా ఇంట్లో దేవుడి గదికి కూడా ఇంత బందోబస్తు లేదే," అని రూమ్మేటు వంటింటి దగ్గర నుంచి అరిచి చెప్పింది. ఆ రోజు నవ్వొచ్చింది.

తర్వాత నవ్వు రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి గది ఉడికిపోయేది. దుప్పటి కింద చెమట కాలవ కట్టేది. నీటిపొక్కులు పగిలి, వాటి కింద ఎర్రగా, లోతుగా, మంటపెట్టే పొక్కులు లేచాయి. దురద కాదు, మంట. వేపాకులు గుచ్చుకునేవి. నాకు లేని రోగం నా ఒంటి మీద రోజురోజుకీ నిజమవుతున్నట్టు ఉండేది. అవి పెరిగేకొద్దీ ఆంటీ నమ్మకం పెరిగేది. ఆ గదిలో పడుకుంటే మంచం నులక ఒకచోట కిందకి దిగి ఉన్నట్టు తెలిసేది. అది నా బరువుకి దిగింది కాదు. నా ఎత్తే, నా ఒడ్డూ పొడుగే ఉన్న ఎవరో ముందు అందులో చాలాసేపు కదలకుండా పడుకున్నారు.

ఆంటీ మధ్యాహ్నాలు గుమ్మం పక్కన నేల మీద కూర్చునేది. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ఒకరోజు సాయంత్రం గేటు చప్పుడైతే నా దుప్పటి సర్ది, "మీ నాయన వచ్చిండు, జర సక్కగ కూసో బిడ్డా," అంది. మా నాన్న తణుకులో ఉన్నారు. గేటు తీసింది అంకుల్. ఆయన ఆ గది వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని, డబ్బా వంటింట్లో పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ఆంటీ తను ఏమందో గమనించుకోలేదు. నేను గమనించాను. నాకు ఏడుపొచ్చింది, భయంతో.

ఆ మర్నాడు తనే చెప్పింది. వాళ్ళకో కూతురు ఉండేది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. మే నెల. ఒంటి నిండా ఇలాగే పోసింది. ఈ గదిలోనే, ఈ మంచం మీదే ఉంచారు.

"డాక్టర్‌కి చూపిస్తనన్నడు మీ అంకుల్. నేనే వద్దన్న. తల్లికి కోపమొస్తదన్న. మంచిగనే సూసుకున్న బిడ్డా. ఒక్కతీరుగ సూసుకున్న. ఆఖరికి జరమొచ్చి, మాటలు తప్పినయ్. తల్లి తీస్కపోయింది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకన్న మంచిగ సూస్కుంటదనే తీస్కపోయింది. నా తాన ఏం తప్పు లేకుండె. తల్లికి నచ్చితె ఎవ్వలు ఆపుతరు."

అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఇన్నేళ్ళూ దేని మీద నిలబడి ఉందో. కూతురు చనిపోలేదు, అమ్మవారు తీసుకెళ్ళింది. ఆ ఒక్క మాట మీద ఆవిడ వంట చేస్తోంది, మమ్మల్ని తిడుతోంది, నుదుట కుంకుమ పెట్టుకుంటోంది. ఆ మాట తీసేస్తే ఆవిడకి ఇంకేం మిగలదు. అది నాకు తెలిసిన క్షణం నుంచి 'చెమటకాయలు' అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది. నాకు కోపం వచ్చినప్పుడు ఏదీ మనసులో ఉంచుకునే అలవాటు లేదు. ఆ మాట మాత్రం పళ్ళ మధ్యే నొక్కిపెట్టాను.

కానీ ఒంటికి ఈ మర్యాదలన్నీ తెలీవు కదా. ఆ మధ్యాహ్నం చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్ళు పొడిగా, పొయ్యి రాయిలా కాలిపోతోంది. తల తిరిగింది. అద్దం, అల్మైరా, వేపమండలు అన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి. దుప్పటి తోసేశాను. నాలుక తడారి మాట సరిగ్గా రాలేదు.

"ఆంటీ, కిటికీ తెరవండి. ఒక్కసారి తెరవండి."

ఆవిడ లేచి నిలబడింది. నావైపు చూడలేదు, మంచం వైపు చూసింది. విసురుగా బయటికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. వంటింట్లో ఏవో సామాన్లు కిందపడ్డ చప్పుడైంది. చేతిలో పట్టకారుతో తిరిగొచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి మేకుల్ని ఒక్కొక్కటే పట్టి లాగడం మొదలుపెట్టింది. తుప్పుపట్టి రాలేదు. పట్టకారు జారి వేలు చీరుకుంది. రక్తం కారుతున్నా ఆపలేదు. లాగుతూ తనలో తను అనుకుంటోంది.

"తల్లీ, కోపమొస్తె నా మీదికి రా. పిల్లని ఇడిసిపెట్టు. గప్పుడు తెరువలే. అది గింతసేపు బతిలాడినా తెరువలే. గిప్పుడు తెరుస్తున్న. ఏం జేస్తవో నన్ను జెయ్యి."

రెక్కలు తెరుచుకున్నాయి. సందులోని గాలి లోపలికి వచ్చింది. వేడిగాలే, పెట్రోలు వాసనతో, ఎవరో వేయిస్తున్న మిరపకాయ బజ్జీల వాసనతో. అయినా దానంత మంచి గాలి నేను మళ్ళీ పీల్చలేదు. ఆంటీ బిందెతో నీళ్ళు తెచ్చింది, తువ్వాలు తడిపి నా మెడా వీపూ చేతులూ తుడుస్తూ కూర్చుంది. మజ్జిగలో ఉప్పేసి గుక్కగుక్కా తాగించింది. వేపాకులన్నీ ఒక పక్కకి నెట్టేసి తన పాత నూలు చీర పరిచింది. ఫ్యాను వేసింది. నాకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు.

లేచేసరికి పొద్దు వాలుతోంది. ఒళ్ళు చల్లబడింది. మంట లేదు. పొక్కులు అణిగి, చర్మం గరుగ్గా ఇసక రాసినట్టు ఉంది. మర్నాటికి ఎర్రదనం కూడా సగం పోయింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆంటీకి మాత్రం మొహంలో కళ లేదు. నా జుట్టు పైకెత్తి మెడ చూస్తుంది, వదిలేస్తుంది, వంటింట్లోకి వెళ్తుంది, మళ్ళీ వచ్చి చూస్తుంది.

"తల్లి గిట్ల జల్ది పోదు," అంది. "వేపనీళ్ళు పొయ్యాలె, నైవేద్యం పెట్టాలె, అప్పుడు మెల్లగ ఇడుస్తది. గాలికే పోతదా?"

నేను జుట్టు విప్పి మెడ మీదకి వేసుకున్నాను.

"డాక్టర్ కాడికి పోదాం నడు."

"తగ్గిపోయింది కదా ఆంటీ. ఇప్పుడు డాక్టరెందుకు?" అన్నాను. చెమటకాయలని మొదట్లో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. ఇప్పుడు ఆ మాట ఇంకొకరి నోటి నుంచి ఆవిడ వినకూడదని నేనే వెనక్కి లాగాను. నీరసంగా ఉందన్నాను, క్లాసు ఉందన్నాను. ఆవిడ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు మీద, ఒక బట్టల షాపు పైన, పెద్ద వయసు డాక్టరమ్మ క్లినిక్. సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళాం. దారిలో ఆంటీ నా చేయి వదల్లేదు. డాక్టరమ్మ నా వీపు చూడటానికి ఎంతోసేపు పట్టలేదు.

"చెమటకాయలు," అంది. "ఇంత ముదిరాయంటే దుప్పట్లేమైనా కప్పుకున్నావా? ఎండాకాలంలో?"

నేను నేల చూపులు చూశాను. ఆంటీ ముందుకి జరిగింది. "తల్లి కాదా అమ్మా?"

"కాదమ్మా. అమ్మవారైతే ముందు జ్వరం వస్తుంది, ఒళ్ళునొప్పులుంటాయి. మొహం మీద, తలలో కూడా లేస్తాయి. అన్నీ ఒకసారి రావు. కొన్ని అప్పుడే లేస్తుంటే కొన్ని నీరు పట్టి ఉంటాయి, కొన్ని ఎండి చెక్కు కట్టి ఉంటాయి. ఇవి చూడండి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బట్ట అతుక్కునే చోటే ఉన్నాయి. చెమట బయటికొచ్చే దారి మూసుకుపోయింది, అంతే." నావైపు తిరిగింది. "రోజూ రెండుసార్లు చన్నీళ్ళ స్నానం. వదులుగా నూలు బట్టలు. నూనె వద్దు, పౌడరు దట్టించకు. దురదగా ఉంటే ఈ లోషన్ పలచగా రాయి, గోకకు. గాలి తగిలేలా ఉండు. దానంతటదే పోతుంది."

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. ఆంటీ లేవలేదు.

"గీటితోని పాణం పోతదా అమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది, ధైర్యం చెప్దామనే నవ్వింది. "చెమటకాయలతో ఎవరూ పోరమ్మా. కాకపోతే కొంతమంది ఇది అమ్మవారని గదిలో పెట్టి, గాలి లేకుండా మూసేస్తారు. ఈ ఎండలకి వడదెబ్బ తగిలి జ్వరం వచ్చేస్తుంది, మనిషి మాట తప్పుతుంది. అప్పుడు ప్రమాదం. మీరు సమయానికి తీసుకొచ్చారు, ఫరవాలేదు."

"సమయానికి," అంది ఆంటీ. ఆ మాట ఇంకోసారి అంది. తర్వాత చేతులు జోడించి దణ్ణం పెట్టి మెట్లు దిగింది.

రోడ్డు మీద ఎండ. బస్సులు, హారన్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల హోర్డింగు కింద చెరుకురసం బండి. ఆంటీ ఆ బండి నీడలో ఆగింది. నేను పక్కన నిలబడ్డాను. ఏదో ఒకటి అనకపోతే అక్కడే కూలబడుతుందేమోనని భయమేసింది.

"మీ అమ్మాయికి వచ్చింది అమ్మవారే ఆంటీ," అన్నాను. "నావి వేరు. మీ అమ్మాయికి జ్వరం వచ్చింది కదా. నాకు రాలేదు."

"గా గదిల ఎవ్వలకైన వస్తది బిడ్డా."

"అన్నీ ఒక్కలా ఉండవు ఆంటీ. ఆ డాక్టరమ్మ మీ అమ్మాయిని చూసిందా ఏంటి?"

"నేను సూసిన గద," అంది. "దాని మొఖం మీద ఒక్కటి లేకుండె. సావు మొఖం గూడ తెల్లగ, మంచిగుండె. తల్లి మొఖం ముట్టలేదని అందరు మెచ్చుకున్రు."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది, పట్టుకునేదాన్ని. ఆటో ఎక్కి, దిగి, సందులోకి నడిచి, రాత్రికి కూరగాయలేం తేవాలో అంకుల్‌కి చెప్పింది. ఆ రోజు నుంచి ఆవిడ గొంతు సందు మొదట్లోకి వినబడలేదు. ఎవరైనా బాత్‌రూంలో గంటసేపున్నా అడిగేది కాదు. అమ్మాయిలు హాయిగా ఉందన్నారు. నాకు ఆ నిశ్శబ్దంలో అన్నం సయించేది కాదు. నన్ను ఒక్క మాట అని ఉంటే, ఈ గదిలోకి నువ్వెందుకొచ్చావని తిట్టి ఉంటే బాగుండునని రోజూ అనుకునేదాన్ని. ఆవిడ రోజూ నా మెడ చూసి, తగ్గిందో లేదో కనుక్కుని వెళ్ళేది.

వానలు పడ్డాయి. ఆషాఢం వచ్చింది. సందులో బోనాల కోసం వేపతోరణాలు కట్టి, మైకులు పెట్టారు. ఏటా అందరికన్నా ముందు ఆంటీయే బోనం ఎత్తుతుందని, ఈసారి ఎత్తకపోవచ్చని చుట్టుపక్కలవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆ ఆదివారం పొద్దున్నే లేచి తలస్నానం చేసింది. కొత్త కుండకి పసుపు రాసి, అన్నం వండి నింపి, పైన దీపం పెట్టింది. పట్టుచీర కట్టుకుంది. కుండ తలకెత్తుకుని గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి ఆగింది.

"మొక్కు తీర్చనీకి పోతలేను బిడ్డా," అంది. "అడగనీకి పోతున్న."

డప్పుల వెనక సందు దాటేదాకా ఆవిడ దీపం కనిపించింది. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. అంకుల్ అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నారు, పేజీ తిప్పలేదు. మధ్యాహ్నం దాటాక ఆంటీ తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది. చీర చెంగు తడిసి, జుట్టు రేగి ఉంది. మంచినీళ్ళు ఇచ్చాను.

"ఏమడిగారు ఆంటీ?"

"నువ్వు తీస్కపోయినవా, నేనే పంపిన్నా అని అడిగిన."

"ఏమంది?"

గ్లాసు ఖాళీ చేసి నా చేతికి ఇచ్చింది.

"ఏమన్న అంటదేమోనని నిలబడ్డ బిడ్డా. నా ఎనక మస్తు మంది ఉండిరి. జరుగమన్నరు. జరిగిన."